పది టన్నుల చెరకు, రెండు క్వింటాళ్ల రబ్బరు

సంకిలి చక్కెర మిల్లులో క్రషింగ్ మొదలైందంటే రాజాం, పాలకొండ రోడ్ల మీద చెరకు ట్రాక్టర్లు వరస కడతాయి. ట్రాలీ మీద ఎత్తుగా పేర్చి తాళ్లతో బిగించిన చెరకు, ఆ బరువుకు పక్కలు ఉబ్బిన టైర్లు, గేటు దగ్గర తమ వంతు కోసం నీడ చూసుకుని కూర్చున్న డ్రైవర్లు. బండి పైనున్న చెరకుతోనే కిందనున్న టైరుకు రబ్బరు చేయవచ్చంటే ఆ డ్రైవర్లు నవ్వుతారేమో. కానీ మాట నిజమే. తొంభై ఏళ్ల కిందటే చేసి చూపించారు. చిక్కంతా గిట్టుబాటు దగ్గరే.

కారు టైరు ఎనిమిది నుంచి పది కిలోలు తూగుతుంది. అందులో రబ్బరు సగానికి అటూ ఇటూ. మిగతాది కార్బన్ బ్లాక్ అనే నల్లటి మసి, సిలికా, నూనెలు, ఉక్కు తీగ, నూలు. ఆ రబ్బరులో కొంత చెట్టు పాల నుంచి వచ్చిన సహజ రబ్బరు, కొంత ఫ్యాక్టరీలో చేసిన సింథటిక్ రబ్బరు. టైర్లలో వాడే సింథటిక్ రబ్బర్లలో ముఖ్యమైనవి ఎస్‌బీఆర్ (స్టైరీన్-బ్యూటాడైన్ రబ్బరు), పాలీబ్యూటాడైన్. రెండింటికీ ముడిసరుకు బ్యూటాడైన్ అనే గ్యాసు. ముడి చమురు నుంచి వచ్చే నాఫ్తాను విపరీతమైన వేడిలో విరగ్గొట్టి ఇథిలీన్ తీసేటప్పుడు ఇది పక్కన వచ్చి పడుతుంది. అంటే పెట్రోకెమికల్ కంపెనీ దీనికోసమని ప్లాంటు పెట్టలేదు. ప్లాస్టిక్ కోసం పెట్టిన ప్లాంటులో ఇది కలిసొచ్చిన సరుకు. కలిసొచ్చిన సరుకుతో పోటీపడి, పనిగట్టుకుని చేసిన సరుకు అమ్మడం ఎంత కష్టమో ఏ వ్యాపారినడిగినా చెబుతాడు.

చెరకు నుంచి బ్యూటాడైన్‌కు దారి ఆల్కహాల్, అంటే ఇథనాల్ మీదుగా పోతుంది. రెండు ఇథనాల్ అణువులు కలిసి, నీరు, హైడ్రోజన్ వదిలేసి, ఒక బ్యూటాడైన్ అణువు అవుతాయి. కాగితం మీద లెక్క ప్రకారం కిలో బ్యూటాడైన్‌కు కిలో ఏడువందల గ్రాముల ఆల్కహాల్ చాలు. ప్లాంటులో కొంత పక్కదారి పట్టి వేరే రసాయనాలవుతుంది కాబట్టి 70 శాతం దిగుబడి వేసుకుంటే దాదాపు 2.4 కిలోలు, అంటే మూడు లీటర్ల పైన ఖర్చవుతుంది.

ఇప్పుడు ఆ ట్రాలీ లోడు సంగతి. పది టన్నుల చెరకు రసాన్ని చక్కెర చేయకుండా నేరుగా పులియబెడితే సుమారు 700 లీటర్ల ఇథనాల్ వస్తుంది. దాన్ని చమురు కంపెనీలకు అమ్మితే, 2024-25 ఇథనాల్ సంవత్సరానికి కేంద్రం కట్టిన లీటరు 65 రూపాయల 61 పైసల చొప్పున, దాదాపు 46 వేల రూపాయలు. అదే ఇథనాల్‌ను బ్యూటాడైన్‌గా మారిస్తే వచ్చేది 225 కిలోలు. బ్యూటాడైన్ ధర స్థిరంగా ఉండేది కాదు గానీ, టన్ను వెయ్యి డాలర్లకు అటూ ఇటూ అనుకుని ఉదారంగా కిలోకు వంద రూపాయలు వేద్దాం. 22,500 రూపాయలు. చెరకుకు కేంద్రం 2025-26కు ప్రకటించిన కనీస ధర (ఎఫ్‌ఆర్‌పీ) క్వింటాలుకు 355 రూపాయలు, రికవరీ (చెరకులోంచి వచ్చే చక్కెర శాతం) 9.5 శాతానికి తక్కువున్న మిల్లులకు 329 రూపాయల 5 పైసలు. ఆ ప్రకారం రైతుకు ఇవ్వాల్సిన చెరకు సొమ్మే 33 నుంచి 35 వేలు. కోత కూలి, కిరాయి, బాయిలర్, జీతాలు, అప్పు మీద వడ్డీ అన్నీ పక్కన పెట్టినా ముడిసరుకు దగ్గరే పది వేలు పోతున్నాయి. పిప్పి కాల్చి కరెంటు తీసుకున్నా ఆ గొయ్యి పూడదు.

చక్కెర తీశాక మిగిలే మడ్డి, మొలాసిస్ దారి చూద్దాం. పది టన్నుల చెరకాడితే తొమ్మిది క్వింటాళ్ల దాకా చక్కెర, నాలుగున్నర క్వింటాళ్ల మొలాసిస్ వస్తాయి. ఆ మొలాసిస్‌తో వంద లీటర్ల పైచిలుకు ఆల్కహాల్, దానితో 34 కిలోల బ్యూటాడైన్. చక్కెర చేతికి వచ్చింది కాబట్టి ఇది మేలనిపిస్తుంది. కానీ అలా చక్కెర పూర్తిగా తీశాక మిగిలే సి-హెవీ మొలాసిస్ ఇథనాల్‌కు 2024-25లో చమురు కంపెనీ లీటరుకు 57 రూపాయల 97 పైసలు ఇస్తుంటే, కిలో బ్యూటాడైన్‌లోకి వెళ్లే ఆల్కహాల్ విలువే 180 రూపాయలు. 2025లో కొట్టాయం మార్కెట్‌లో సహజ రబ్బరు షీటు ధర కూడా ఆ చుట్టుపక్కలే ఉంది. అంతకుముందు 2024 ఆగస్టులో మాత్రం కిలో 240 రూపాయలు దాటి రికార్డు కొట్టింది. చెట్టు నుంచి గీసుకున్న రబ్బరు దొరికే ధరకు ఇక్కడ గ్యాసు తాలూకు ముడిసరుకు మాత్రమే వస్తోంది. బ్యూటాడైన్ కిలో వంద దగ్గర ఉన్నంతకాలం, ప్రాసెసింగ్ ఖర్చు సున్నా అనుకున్నా, ఇథనాల్ లీటరు 32 రూపాయలకు దొరికితే తప్ప లెక్క సరిపోదు.

ఈ ఎదురీత ఎందుకంటే చక్కెర స్వభావమే అంత. చక్కెర బరువులో సగానికి పైగా ఆక్సిజన్. రబ్బరులో ఉండేది కార్బన్, హైడ్రోజన్ మాత్రమే, ఆక్సిజన్ రవ్వంత కూడా ఉండదు. కాబట్టి చక్కెరను రబ్బరు చేయడమంటే దాని బరువులో చాలా భాగాన్ని నీటిగా, బొగ్గుపులుసు గ్యాసుగా పారేయడమే. 180 కిలోల గ్లూకోజ్ పులిస్తే 92 కిలోల ఆల్కహాల్, అందులోంచి 54 కిలోల బ్యూటాడైన్. ఇది ఏ నష్టమూ లేని కాగితం లెక్క. నాఫ్తాకు ఈ తలనొప్పి లేదు. భూమి అడుగున కోట్ల ఏళ్లు ఉండి ఆక్సిజన్ ఎప్పుడో వదిలించుకుంది. సహజ రబ్బరుకు మూలమైన ఐసోప్రీన్‌ను సూక్ష్మజీవులతో చక్కెర నుంచి నేరుగా తీసే పద్ధతి కూడా ఉంది. 2008 ప్రాంతంలో టైరు కంపెనీ గుడ్‌ఇయర్, బయోటెక్ కంపెనీ జెనెన్‌కార్ కలిసి మొదలుపెట్టాయి, తర్వాత అలాగే మిషెలిన్, అమైరిస్ చేతులు కలిపాయి. అక్కడా ఇదే చిక్కు. సిద్ధాంతం ప్రకారమే కిలో ఐసోప్రీన్‌కు మూడు నుంచి నాలుగు కిలోల చక్కెర కావాలి. కేరళలో రబ్బరు చెట్టు ఆ పనే ఎండా వానా తప్ప మరేమీ అడగకుండా చేసిపెడుతోంది.

మరి తొంభై ఏళ్ల కిందట ఎలా చేశారు? అప్పుడు లెక్క చూసుకునే పరిస్థితి లేదు. సోవియట్ రష్యాకు రబ్బరు తోటల్లేవు, కొనడానికి విదేశీ మారకం అంతంతమాత్రం. సెర్గేయ్ లెబెదేవ్ కనిపెట్టిన పద్ధతిలో 1932 నుంచి యారోస్లావ్ల్ వంటి చోట్ల ఆల్కహాల్ రబ్బరు ఫ్యాక్టరీలు నడిచాయి. ఆ ఆల్కహాల్ బంగాళదుంపల నుంచి, ధాన్యం నుంచి వచ్చేది. జనం తినే తిండిని టైర్లకు మళ్లించారన్నమాట. 1942లో మలయా, ఇండోనేషియా తోటలు జపాన్ చేతికి చిక్కగానే అమెరికా కూడా అదే బాట పట్టింది. 1943, 44ల్లో అక్కడి బ్యూటాడైన్‌లో పెద్ద వాటా ఆల్కహాల్‌దే. యుద్ధం ముగిసింది, పెట్రోలియం బ్యూటాడైన్ చవకగా వచ్చింది, ఆల్కహాల్ ప్లాంట్లు మూలపడ్డాయి.

మన దేశంలోనూ ఒకటి నడిచింది. 1963లో ఉత్తరప్రదేశ్‌లోని బరేలీ దగ్గర సింథటిక్స్ అండ్ కెమికల్స్ కంపెనీ, అమెరికా ఫైర్‌స్టోన్ సహకారంతో, మొలాసిస్ ఆల్కహాల్‌తో ఎస్‌బీఆర్ తయారు చేయడం మొదలుపెట్టింది. ఆ రోజుల్లో చక్కెర మిల్లులకు మొలాసిస్ పెద్ద బెడద. ఎక్కడ పారబోయాలో తెలియని సరుకు. అంత చవక ముడిసరుకు చుట్టూ కట్టిన ఫ్యాక్టరీ అది. ఆ తర్వాత మొలాసిస్‌కు విలువ వచ్చింది. మద్యం డిస్టిలరీలు అడిగాయి, మందుల కంపెనీలు అడిగాయి, రాష్ట్ర ప్రభుత్వం రుసుములు అడిగింది. ఆ రుసుముల మీద ఇదే కంపెనీ పేరుతో నడిచిన కేసులో, పారిశ్రామిక ఆల్కహాల్ మీద రాష్ట్రాలకు అధికారం లేదని 1989లో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం తీర్పు చెప్పింది. కేసు గెలిచింది గానీ కంపెనీ నిలవలేదు. 1990ల చివర్లో ఫ్యాక్టరీ ఆగిపోయింది. 2024 అక్టోబర్ 23న తొమ్మిది మంది జడ్జీల ధర్మాసనం 8-1 మెజారిటీతో ఆ పాత తీర్పును తిరగరాసి, పారిశ్రామిక ఆల్కహాల్ మీద కూడా రాష్ట్రాలకు అధికారం ఉందని చెప్పింది. రేపు ఎవరైనా ఆల్కహాల్ రబ్బరు ఫ్యాక్టరీ పెట్టాలనుకుంటే వేసుకోవాల్సిన లెక్కలో ఇదొక కొత్త గడి.

బరేలీ కథలో అసలు విషయం ఇది: చవకని నమ్ముకున్న ముడిసరుకు, దానికి వేరే కొనుగోలుదారు దొరికేదాకే చవక. ఇప్పుడా కొనుగోలుదారు పెట్రోలు బంకు. 20 శాతం ఇథనాల్ కలిపే లక్ష్యం పెట్టుకుని, ధర కట్టి, కొంటామని హామీ ఇచ్చి ప్రభుత్వమే నిలబడిన చోట, రబ్బరు కంపెనీ వచ్చి సగం ధరకు అడిగితే డిస్టిలరీ గేటు దాకా కూడా రానివ్వరు. పైగా ఉత్తరాంధ్రలో చెరకే తగ్గిపోతోంది. ఆమదాలవలస సహకార మిల్లు ఏనాడో మూతపడింది, భీమసింగి మిల్లు కూడా అదే దారి పట్టింది. కటింగ్ ఆర్డర్ కోసం ఎదురుచూపులు, ఆలస్యంగా వచ్చే డబ్బులు, దొరకని కోత కూలీలు చూసి రైతులు మొక్కజొన్నకో ఆయిల్‌పామ్‌కో మళ్లారు.

చెరకు వద్దు, గడ్డితో చేద్దాం అనేవారున్నారు. పేపరు మీద ఇది బాగుంటుంది. పానిపట్‌లో ఇండియన్ ఆయిల్ 2022 ఆగస్టులో ప్రారంభించిన రెండో తరం ఇథనాల్ ప్లాంటు ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీయడానికి కట్టింది. ఆ మొత్తాన్ని బ్యూటాడైన్ చేస్తే పది వేల టన్నులకు కొంచెం తక్కువ. అదే పానిపట్‌లో ఉన్న ఎస్‌బీఆర్ ఫ్యాక్టరీ సామర్థ్యం ఏడాదికి 1.2 లక్షల టన్నులు. ఎస్‌బీఆర్‌లో ముప్పాతిక వంతు బ్యూటాడైన్ కాబట్టి దానికి 90 వేల టన్నులు కావాలి. అంటే అలాంటి ఇథనాల్ ప్లాంట్లు తొమ్మిది పైన, గడ్డి 18 లక్షల టన్నుల పైన. ఒక్క రబ్బరు ఫ్యాక్టరీకి.

పంజాబ్, హర్యానాల్లో గడ్డి తగలబెట్టే బాధ ఉంది కాబట్టి తీసుకుపొమ్మంటారు. శ్రీకాకుళం, విజయనగరాల్లో గడ్డి అంటే పశువుల మేత. నూర్పిళ్లయ్యాక కళ్లంలోనో ఇంటి వెనకో కుప్ప వేసుకుని వేసవి దాకా వాడుకుంటారు. మిషన్ కోత వచ్చాక పొలంలో నలిగిన గడ్డిని కూడా బేలర్‌తో కట్టలు కట్టించి అమ్ముతున్నారు, కొంటున్నారు. ఎకరా, అరెకరా కమతాల దగ్గర కట్టలు ఏరి, గట్ల మీదుగా రోడ్డు దాకా మోసి, తేలికైన సరుకుని లారీ నిండా గాలితో సహా తోలితే రవాణా తడిసి మోపెడవుతుంది. పైగా డెయిరీ రైతు చెల్లించే ధరకు మించి రబ్బరు ఫ్యాక్టరీ ఇవ్వాలి. అంత ఇచ్చాక రబ్బరు కిలో ఎంత పడుతుందో చెప్పనక్కర్లేదు.

పచ్చదనానికి విలువ కట్టి కార్బన్ సొమ్ము ఇస్తే ఈ లోటు పూడుతుందన్న వాదన తరచూ వినిపిస్తుంది. లెక్క వేసి చూడవచ్చు. కిలో బ్యూటాడైన్‌లోని కార్బన్ అంతా గాలిలోంచి వచ్చిందే అనుకుంటే అది 3.26 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం. టన్ను కార్బన్ డయాక్సైడ్‌కు 50 డాలర్లు ఇచ్చినా కిలో బ్యూటాడైన్‌కు దక్కేది 14 రూపాయలు. పైన చూసిన లోటు (ఆల్కహాల్ విలువ 180, బ్యూటాడైన్ ధర వంద) 80. ఆ లోటు కార్బన్‌తోనే పూడాలంటే టన్నుకు దాదాపు 300 డాలర్లు పలకాలి.

ఆయిల్ ధర పెరిగితేనో? 2011లో బ్యూటాడైన్ టన్ను 3 వేల డాలర్లు దాటింది. అమెరికాలో షేల్ గ్యాస్ (రాతి పొరల్లోంచి తీసే సహజవాయువు) రావడంతో అక్కడి క్రాకర్లు (నాఫ్తాను విరగ్గొట్టే ప్లాంట్లు) నాఫ్తా మాని ఆ గ్యాసులోని ఈథేన్ వాడాయి, ఈథేన్ నుంచి బ్యూటాడైన్ పెద్దగా రాదు, కొరత వచ్చిపడింది. బయో రబ్బరు ప్రకటనల్లో చాలా వాటికి ఊపిరి ఆ రోజుల్లోదే. 2014లో క్రూడ్ కూలింది, వాటిలో చాలా ప్రకటనలు చడీచప్పుడు లేకుండా పోయాయి. మిషెలిన్, ఫ్రాన్స్ పెట్రోలియం పరిశోధన సంస్థ ఐఎఫ్‌పీఈఎన్, ఆక్సెన్స్ కలిసి 2012లో మొదలుపెట్టిన బయోబటర్‌ఫ్లై మాత్రం పట్టువదల్లేదు. అయినా బోర్డో దగ్గర బాసెన్స్‌లో ప్రదర్శన ప్లాంటు 2024 జనవరికి గానీ తెరుచుకోలేదు, అదీ చిన్న స్థాయిలోనే. అమ్ముడుపోయిన చెరకు రబ్బరు లేకపోలేదు. బ్రెజిల్‌లో 2011లో లాంక్సెస్ కంపెనీ చెరకు ఇథిలీన్‌తో ఈపీడీఎం రబ్బరు తెచ్చింది. ఆల్కహాల్ నుంచి ఇథిలీన్ తీయడం బ్యూటాడైన్ కన్నా చాలా తేలిక. పైగా ఈపీడీఎం కారు తలుపుల బీడింగుల వంటి చోట్ల వాడే, కాస్త ఖరీదు పలికే సరుకు.

టైరు కంపెనీలు ఈ మధ్య ఇంకో సులువు దారి చూసుకున్నాయి. వాడేసిన వంటనూనె, కాగితం మిల్లుల్లో మిగిలే టాల్ ఆయిల్ వంటి వాటిని నాఫ్తాగా మార్చి పాత క్రాకర్‌లోనే మామూలు నాఫ్తాతో కలిపి పోస్తారు. ఎంత పోశారో అంత వాటాకు బయో రబ్బరు అని సర్టిఫికెట్ ఇస్తారు. దీన్ని మాస్ బ్యాలెన్స్ అంటారు. రైస్ మిల్లుకు ధాన్యం తోలిన రైతు తిరిగి తెచ్చుకునే బియ్యం తన పొలంలోవే కానక్కర్లేదు, తూకం సరిపోతే చాలు. ఇదీ అంతే. కొత్త ఫ్యాక్టరీ అక్కర్లేదు కాబట్టి ఆల్కహాల్ రబ్బరుకు అసలైన పోటీ ఇప్పుడు ఇక్కడి నుంచే.

ఇదంతా చూస్తే ఉత్తరాంధ్రకు ఒక పాత కథ గుర్తు రావాలి. గోగునార. గోగు కట్టలు చెరువులో నానేసి, ఆ వాసన భరించి, నడుంలోతు నీళ్లలో నిలబడి నార తీసి ఎండేసిన పల్లెలు ఈ జిల్లాల్లో ఎన్నో. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం జూట్ మిల్లులు ఆ నార మీదే లేచాయి. పాలీప్రొపిలీన్ సంచి రాగానే గోనె సంచి ఓడిపోయింది. ఈ మాత్రం నిలిచిందంటే 1987లో చట్టం చేసి, తిండిగింజలు, కొంత చక్కెర జనపనార సంచుల్లోనే నింపాలని కేంద్రం పట్టుబట్టబట్టే. అప్పటికే ప్రకృతి చేసి పెట్టిన నారకే ఆ గతి పడితే, చక్కెరను విరగ్గొట్టి తిరిగి అతికించిన రబ్బరు చట్టం ఊతం లేకుండా నిలబడుతుందనుకోవడం అత్యాశ.

అయితే టైరు అంటే రబ్బరు ఒక్కటే కాదని ముందే అనుకున్నాం. ఈ జిల్లాలకు పనికొచ్చే తలుపు అటు వైపుంది. అణువును ముక్కలు చేసి మళ్లీ కట్టాల్సిన చోట బయోమాస్ (మొక్కల నుంచి వచ్చే ముడిసరుకు) ఓడుతుంది. మొక్క సగం పని చేసి పెట్టిన చోట నెగ్గుకొస్తుంది.

ఊక సంగతే చూడండి. టన్ను ధాన్యానికి రెండు క్వింటాళ్ల ఊక, అది కాలితే నలభై కిలోల బూడిద, అందులో 85 నుంచి 95 శాతం సిలికా. వరి మొక్క నేలలోంచి లాగి ఊకలో దాచిపెట్టింది. ఇంధనం ఆదా చేసే టైర్లలో కార్బన్ బ్లాక్ బదులు ఎక్కువగా వాడేది ఈ సిలికానే. ఇసుక నుంచి తీయాలంటే సోడా యాష్‌తో కలిపి 1400 డిగ్రీల దాకా కరిగించాలి. బూడిదైతే చాలా తక్కువ వేడిలోనే కాస్టిక్ సోడాలో కరుగుతుంది. గుడ్‌ఇయర్ ఇప్పటికే ఊక బూడిద సిలికాతో టైర్లు అమ్ముతోంది. లక్ష టన్నుల ధాన్యం నుంచి మూడున్నర వేల టన్నుల సిలికా వస్తుంది. కారు టైరుకు కిలో చొప్పున వేసుకుంటే 35 లక్షల టైర్లకు సరిపడా. ఊకను మిల్లే సొంత బాయిలర్‌కో కరెంటు ప్లాంటుకో వాడుకుంటుంది కాబట్టి ముడిసరుకు సేకరణ ఖర్చు దాదాపు లేదు. బూడిదను డబ్బిచ్చి తీయించుకునే మిల్లులు కూడా ఉన్నాయి.

పలాసలో అంతకన్నా ముదిరిన వ్యాపారం ఉంది. 80 కిలోల జీడిపిక్కల బస్తా కొడితే పప్పు 20 కిలోల పైచిలుకు, తొక్క 55 కిలోల దాకా. ఆ తొక్కలో ఐదో వంతు నల్లటి నూనె. పిక్కలు కొట్టే ఆడవాళ్ల వేళ్లను మాడ్చి నల్లగా చేసేది ఇదే. దీనిలోని కార్డనాల్ అనే రసాయనం, ఫినాల్ వలయానికి పదిహేను కార్బన్ల తోక తగిలించుకుని పుట్టిన అణువు. ఫ్యాక్టరీలో ఇలాంటిది కట్టాలంటే పెద్ద ఖర్చు. బ్రేక్ లైనింగుల్లో, పెయింట్లలో, రబ్బరు మిశ్రమాన్ని మెత్తబరిచే, అతుకు పెంచే రెజిన్లలో వాడతారు. పలాసలో మాత్రం తొక్కను నూనె తీసేవాళ్లకు టన్నుల లెక్కన అమ్మేయడమో బాయిలర్‌లో వేయడమో జరుగుతుంది. విలువ పెరిగేదంతా ఆ తర్వాతి మెట్లలో, వేరే ఊళ్లలో. సరఫరాకు గ్యారంటీ లేకపోవడం ఒక చిక్కు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను ఉద్దానంలో జీడి తోటలను వేళ్లతో పెకలించింది. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పట్టింది. అయినా పలాస యూనిట్లు ఆఫ్రికా పిక్కలు కూడా కొడతాయి కాబట్టి తొక్కకు కరువు అంత తేలిగ్గా రాదు.

కొనేవాళ్లు దగ్గర్లోనే ఉన్నారు. అచ్యుతాపురంలో యోకొహామా టైర్ల ఫ్యాక్టరీ 2022 ఆగస్టులో మొదలైంది. పలాస నుంచి లారీ బయల్దేరితే రెండు వందల కిలోమీటర్లకు కాస్త ఎక్కువ. దూరం కన్నా నాణ్యతే పెద్ద అడ్డంకి. సుమారు 700 డిగ్రీల లోపు కాలిన ఊక బూడిద బాగా కరుగుతుంది. అంతకన్నా వేడెక్కితే స్ఫటికంలా గట్టిపడి కాస్టిక్‌కు లొంగదు, పీల్చిన ఊపిరితిత్తులకూ మంచిది కాదు. ఒక మిల్లు బూడిద నల్లగా, పక్క మిల్లుది బూడిద రంగులో, ఇంకోదాని బూడిద గులాబీ ఛాయలో ఉంటుంది. మూడూ ఒకే లారీలో పడితే ఏ టైరు కంపెనీ తీసుకోదు. ముడిసరుకు మార్చాలంటే టైరును నెలల తరబడి తిప్పి చూస్తారు, ఒప్పుకున్నాక ప్రతి లోడూ మొదటి లోడులాగే ఉండాలంటారు. కాబట్టి మొదటి పెట్టుబడి సిలికా ప్లాంటుకు కాదు, మిల్లుల బాయిలర్లలో వేడి కొలిచే మీటర్లకు, రంగును బట్టి బూడిద వేరు చేసి పోసే ఒక షెడ్డుకు కావాలి.